అలమీర్ ఫాల్స్, వైల్డ్‌క్యాట్ బీచ్ (పాయింట్ రేయెస్, కాలిఫోర్నియా): వెళ్లండి, కానీ పొడుగు దారినే వెళ్లండి

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగు వాళ్లకు బీచ్ అంటే హాఫ్ మూన్ బేనో, శాంటా క్రజ్ బోర్డ్‌వాకో. కాస్త ఓపిక ఉన్న వాళ్లకు బిగ్ సర్. ఎక్కడికి వెళ్లినా కారు దిగి నాలుగు అడుగులు వేస్తే ఇసుక తగులుతుంది. వైల్డ్‌క్యాట్ బీచ్ అలా దొరకదు. అక్కడిదాకా మన కార్లు వెళ్లే రోడ్డు లేదు. పాలోమరిన్ పార్కింగ్ నుంచి అయిదున్నర మైళ్లు నడిచి సముద్రం ఒడ్డుకు దిగి, ఆ తర్వాత ఇసుకలో దక్షిణంగా ఇంకో మైలు పైచిలుకు నడిస్తే గానీ అలమీర్ జలపాతం కనపడదు. రాను పోను 13 మైళ్లు, అంటే సుమారు 21 కిలోమీటర్లు. నా రేటింగ్ ముందే చెప్పేస్తున్నాను, అయిదుకు అయిదు. అయితే ఈ అయిదు స్టార్లూ ఆ 13 మైళ్ల దారికే. నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఎనిమిదిన్నర మైళ్ల షార్ట్‌కట్‌కి నేను ఒక్క స్టార్ కూడా ఇవ్వను. ఎందుకో కింద వివరంగా రాస్తాను, అసలు ఈ రివ్యూ రాయడానికి కూర్చున్నదే అందుకు.

ముందు తెలియని వాళ్ల కోసం. పాయింట్ రేయెస్ నేషనల్ సీషోర్ అనేది గోల్డెన్ గేట్ దాటాక మెరిన్ కౌంటీలో సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు ఉండే పెద్ద భూభాగం. 1962లో కెన్నెడీ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు దీన్ని కాపాడుకోవాలని చట్టం చేశారు. ఎంట్రీ ఫీజు లేదు, పార్కింగ్ ఫీజు లేదు. యోసెమిటీకి వెళ్లేటప్పుడు జేబు తడుముకోవాలి కదా, ఇక్కడ ఆ పని లేదు. వారాంతంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద సముద్రం చూసే వీలు బే ఏరియాలో ఇంకెక్కడా లేదనే నా నమ్మకం.

దారి గురించి. 101 మీద నుంచి హైవే 1 పట్టుకుని స్టిన్సన్ బీచ్ దాటితే ఎడమ చేతి పక్కన బొలీనస్ లగూన్ వస్తుంది. నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, కొంగలు నిలబడి ఉంటాయి, అందరూ కారు ఆపి ఫొటోలు తీసుకుంటారు. ఆ లగూన్ కింద నుంచే సాన్ ఆండ్రియాస్ ఫాల్ట్, అంటే రెండు భూపలకలు ఒరుసుకునే పెద్ద పగులు, వెళ్తోంది. అంటే మీరు అక్కడ ఎడమకు తిరిగి బొలీనస్ వైపు వెళ్లారంటే ఉత్తర అమెరికా పలక మీది నుంచి పసిఫిక్ పలక మీదికి వెళ్లినట్టే. 1906 భూకంపంలో, ఇంకాస్త ఉత్తరాన బేర్ వ్యాలీ దగ్గర ఒక కంచె సుమారు 16 అడుగులు పక్కకు జరిగింది, ఆ చోటును ఎర్త్‌క్వేక్ ట్రెయిల్‌లో ఇప్పటికీ చూడొచ్చు. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. ఇక్కడి నేల ఎంత అస్థిరంగా ఉంటుందో మనసులో పెట్టుకుంటే ముందు చెప్పబోయేది బాగా అర్థమవుతుంది.

బొలీనస్ టర్నింగ్ దగ్గర జాగ్రత్త. ఆ ఊరి వాళ్లకు బయటి జనం రావడం ఇష్టం లేక హైవే మీద పెట్టిన బోర్డును పెట్టినప్పుడల్లా పీకేసేవాళ్లు, అది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన కథే. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. అక్కడికి చేరేసరికి సిగ్నల్ ఉండదు. మీసా రోడ్డు చివరి భాగం మట్టి రోడ్డు, గుంటలు ఉంటాయి. మామూలు సెడాన్ వెళ్తుంది, నిదానంగా నడపాలి అంతే. దారిలో పాలోమరిన్ ఫీల్డ్ స్టేషన్ వస్తుంది, పక్షుల మీద పరిశోధన చేసే చోటు. పాయింట్ రేయెస్ బర్డ్ అబ్జర్వేటరీ పేరుతో 1965లో మొదలైన సంస్థే ఇప్పటి పాయింట్ బ్లూ. పిల్లల్లో పక్షుల మీద ఆసక్తి ఉన్న వాళ్లు ఉంటే వచ్చేటప్పుడు అక్కడ కాసేపు ఆగండి.

పార్కింగ్ మాత్రం పెద్ద తలనొప్పి. శని, ఆదివారాల్లో తొందరగా నిండిపోతుంది. పది గంటలకు తీరిగ్గా టిఫిన్లు చేసి బయల్దేరే బ్యాచ్ అయితే చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. రోడ్డు అంచున అడ్డదిడ్డంగా ఆపితే టికెట్ పడొచ్చు, అంతకంటే ముఖ్యంగా ఫైర్ ఇంజన్‌కో అంబులెన్స్‌కో దారి మూసేసిన వాళ్లం అవుతాం. ఆ రోడ్డు తప్ప వాళ్లకు ఇంకో దారి లేదు. ఉదయం ఎనిమిదికి అక్కడ ఉండేలా చూసుకోండి. బాత్రూమ్ ఉంది, మామూలు గుంట టాయిలెట్. మంచినీళ్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి, మనిషికి రెండు మూడు లీటర్లు. వైల్డ్‌క్యాట్ క్యాంప్ దగ్గర కుళాయి ఉన్నా దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు.

ట్రెయిల్ మొదట్లో యూకలిప్టస్ తోపు. ఆ వాసన తగలగానే మనకు ఊరి పొలిమేరలో జామాయిల్ తోటలు గుర్తొస్తాయి. ఆ తర్వాత దారి కొండ అంచు వెంబడే వెళ్తుంది, ఎడమ పక్క కింద సముద్రం, కుడి పక్క పొదలు. ఉదయం పూట కుందేళ్లు, క్వెయిల్ పిట్టలు దారికి అడ్డం పరిగెడుతుంటాయి. ఒక మైలు తర్వాత దారి లోపలికి తిరిగి లోయల్లోకి దిగుతూ ఎక్కుతూ సాగుతుంది. ఎక్కడా ప్రాణం మీదికి వచ్చే ఎక్కుడు లేదు, కానీ దూరం దూరమే. నెలకోసారైనా అయిదారు మైళ్లు నడిచే అలవాటు లేని వాళ్లకు వెనక్కి వచ్చేటప్పుడు మోకాళ్లు తెలుస్తాయి.

రెండున్నర మైళ్లు దాటాక బాస్ లేక్ వస్తుంది, ఆ తర్వాత పెలికన్ లేక్. బాస్ లేక్‌లో ఎండాకాలం జనం ఈత కొడతారు. చాలామంది ఇక్కడికే వచ్చి, తెచ్చుకున్నది తిని, వెనక్కి వెళ్లిపోతారు. అది కూడా మంచి రోజే, నేను కాదనను. అయితే ఈ చెరువులు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవాలి. ఈ కొండలు పెద్ద పెద్ద ముక్కలుగా సముద్రం వైపు జారుతూ వచ్చాయి, జారినప్పుడు వెనక మిగిలిన గుంటల్లో నీళ్లు నిలిచి ఈ చెరువులయ్యాయి. అంటే మీరు కూర్చుని పులిహోర తింటున్న నేల మొత్తం ఒకప్పుడు జారిన నేలే. ఈ తీరం పొడవునా కొండ సముద్రంలోకి వెళ్తూనే ఉంది, ఇవాళ్టికీ.

ఇక అసలు విషయం. పెలికన్ లేక్ దాటాక, నాలుగు మైళ్ల దగ్గర, ఎడమ పక్క పొదల్లోకి ఒక సన్నటి దారి కనిపిస్తుంది. ఎవరో ఒకరు నేల మీద రాళ్లతో బాణం గుర్తు పేర్చి ఉంచుతారు. రేంజర్లు తీసేస్తారు, మళ్లీ ఎవరో పేరుస్తారు. ఇదే ఆ షార్ట్‌కట్. పార్క్ వాళ్లు దీన్ని ట్రెయిల్‌గా గుర్తించరు, బాగు చెయ్యరు, వెళ్లొద్దని బోర్డు పెట్టి మరీ చెప్తారు, వాళ్ల వెబ్‌సైట్‌లోనూ రాశారు. అయినా ఒక హైకింగ్ యాప్‌లో ఇదే అసలు దారి అన్నట్టు గీత గీసి ఉంది, కింద వందల కొద్దీ ఫొటోలు. మా గుంపులో కూడా ఒకతను ఫోన్ చూసి, "ఒరేయ్, ఇక్కడి నుంచి అర మైలు కూడా లేదు రా, ఇటు దిగిపోదాం, నాలుగు మైళ్లు మిగులుతాయి" అన్నాడు. అతని తప్పేం లేదు, ఫోన్‌లో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

దిగిన వాళ్లకు ఏమవుతుందో వరసగా చెప్తాను. ముందు పొదలు. ఆ దారి మీదికి రెండు పక్కల నుంచీ పాయిజన్ ఓక్ ఒంగి ఉంటుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, వసంతంలో నిగనిగలాడుతూ, ఎండాకాలం చివర్లో ఎర్రబడి చూడ్డానికి బాగానే ఉంటాయి. దాని నూనె చర్మానికి అంటితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత దద్దుర్లు, నీటి పొక్కులు, రెండు మూడు వారాల దురద. చలికాలంలో ఆకులు రాలిపోయి వట్టి పుల్లలే ఉన్నా ఆ పుల్లకు కూడా నూనె ఉంటుంది. ప్యాంటుకు అంటింది మంచానికి, మంచానికి అంటింది పిల్లలకు. దాంతోపాటు ఒళ్లంతా చిన్న ముళ్లతో ఉండే నెటిల్ మొక్కలు. దాంతోపాటు పురుగులు, టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదులు). వాటిలో లైమ్ జబ్బు మోసేవీ ఉంటాయి.

ఇదంతా ఓర్చుకుని ముందుకు వెళ్తే నిట్టనిలువుగా ఒక గండి. నీళ్లు కోసేసిన గాడి, పట్టుకోవడానికి గట్టి రాయి ఉండదు, పట్టుకున్నది చేతిలోకి ఊడి వస్తుంది. అది దిగితే పై జలపాతాల దగ్గరికి చేరతారు, అక్కడ మూడు నాలుగు చిన్న చిన్న మెట్లుగా నీళ్లు దూకుతుంటాయి. చాలా అందంగా ఉంటుంది, అక్కడిదాకా వచ్చిన వాళ్లు ఫొటోలు పెట్టేది అదే. అయితే బీచ్ మీదికి ఇంకా దిగలేదు. చివరి కొండ అంచు మిగిలే ఉంది. అది పొరలు పొరలుగా విడిపోయే శేల్ రాయి. దిగేవాడి కాలి కింద నుంచి పెంకులు జారి, అప్పటికే కింద ఉన్న వాడి నెత్తిన పడతాయి. ఇక్కడ కాళ్లు విరగ్గొట్టుకున్న వాళ్లు, తలలు పగిలిన వాళ్లు ఉన్నారు, రెస్క్యూ వాళ్లు వస్తూనే ఉంటారు. ఆ వచ్చే వాళ్లు కూడా ఆ ఊడిపోయే కొండ మీదే మిమ్మల్ని మోసుకుని ఎక్కాలి. నాలుగున్నర మైళ్ల నడక మిగులుతుందని ముక్కూమొహం తెలియని మనుషుల ప్రాణాల్ని పణంగా పెట్టడం నాకు ఏ కోశానా న్యాయంగా అనిపించదు.

మేం దిగలేదు. మా గుంపులో పెద్దది మా వదిన, "వచ్చిందే నడవడానికి కదా అబ్బాయ్, పద" అని ముందుకు నడిచింది, అందరూ ఆవిడ వెనకే. ఆ తర్వాతి మైలున్నరలో జనం బాగా పలచబడిపోయారు. ఎదురుగా వచ్చే వాళ్లంతా పెద్ద పెద్ద బ్యాగులతో క్యాంపింగ్ చేసి వస్తున్న వాళ్లే. అందరూ నవ్వుతూ పలకరించారు, ఒకాయన ఆగి మరీ "నీళ్లు ఇంకా దిగుతున్నాయి, మీకు బోలెడు టైమ్ ఉంది" అని చెప్పి వెళ్లాడు.

వైల్డ్‌క్యాట్ క్యాంప్ అంటే సముద్రం పైన గడ్డి మైదానం. ముందుగా రిజర్వ్ చేసుకుని పర్మిట్ తీసుకున్న వాళ్లు ఇక్కడ రాత్రి టెంట్లు వేసుకోవచ్చు. టాయిలెట్ ఉంది, బల్లలు ఉన్నాయి, తిండి దాచుకోవడానికి ఇనప పెట్టెలు ఉన్నాయి. ఆ పెట్టెలు రకూన్‌ల బెడద వల్ల. మీ బ్యాగు బల్ల మీద వదిలేసి అటు తిరిగితే కాకులైనా జిప్ లాగేస్తాయి. క్యాంప్ పక్క నుంచే బీచ్‌కి చిన్న దిగుడు.

ఆ దిగుడు దిగాక కనపడేదాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఇటు చూస్తే ఇసుక, అటు చూస్తే ఇసుక, వెనక గోడలా లేచిన కొండ, ముందు పసిఫిక్. ఒక్క కొట్టు లేదు, గొడుగు లేదు, లైఫ్‌గార్డ్ టవర్ లేదు. మొక్కజొన్న కంకుల వాడు లేడు, మ్యూజిక్ లేదు. నేను పుట్టి పెరిగింది విశాఖలో, రుషికొండా భీమిలీ ఎరిగిన వాణ్ని, సముద్రం కొత్త కాదు. కానీ మనిషి చెయ్యి పడని సముద్రం ఎంత పెద్దగా ఉంటుందో ఇక్కడే తెలిసింది. అక్కడ బీచ్ రోడ్డు మీద జనం గోల, బళ్ల హారన్ల మధ్య అలల చప్పుడు ఒక భాగం. ఇక్కడ ఆ చప్పుడు కొండకు తగిలి వెనక్కి వస్తుంది, పక్కన నడిచే మనిషితో గొంతు పెంచి మాట్లాడాలి.

ఇక్కడే టైడ్ సంగతి చెప్పాలి, ఈ రివ్యూలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. క్యాంప్ నుంచి జలపాతం దాకా ఉన్న ఆ మైలు పైచిలుకు ఇసుక ఎప్పుడూ ఒకే వెడల్పులో ఉండదు. ఆటు ఉన్నప్పుడు క్రికెట్ ఆడుకునేంత జాగా. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు కొన్నిచోట్ల అలలు నేరుగా కొండకే కొట్టుకుంటాయి. అప్పుడు మీకు ముందుకు దారి లేదు, వెనక్కి దారి లేదు, పైకెక్కడానికి కొండ ఒప్పుకోదు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ఆ రెండు పోట్లూ ఒకే ఎత్తులో కూడా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పైగా రోజు రోజుకూ ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతాయి, కాబట్టి పోయిన శనివారం మీ ఫ్రెండ్ పదకొండుకి వెళ్లి హాయిగా తిరిగొచ్చాడంటే ఈ శనివారం పదకొండుకి అలాగే ఉంటుందని లెక్క వేసుకోకూడదు. నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వెబ్‌సైట్‌లో పాయింట్ రేయెస్ టైడ్ పట్టిక ఫ్రీగా దొరుకుతుంది. దాన్ని చూసి, ఆటు టైమ్‌కు గంటన్నర ముందు మీరు ఇసుక మీదికి దిగేలా, ఆటు టైమ్‌కు జలపాతం దగ్గర ఉండేలా, ఆ తర్వాత గంటన్నరలోపు మళ్లీ క్యాంప్ దగ్గరికి వచ్చేసేలా వెనక నుంచి లెక్క కట్టుకోండి. పార్కింగ్ నుంచి క్యాంప్‌కు ఆగుతూ నడిస్తే రెండున్నర నుంచి మూడు గంటలు. ఆ లెక్క కుదరని వారాంతం అయితే వెళ్లకండి, ఇంకో వారం చూసుకోండి. సముద్రం మన లాంగ్ వీకెండ్ చూసి తగ్గదు.

జలపాతానికి వస్తాను. అలమీర్ క్రీక్ అనే వాగు కొండ మీద నుంచి ప్రవహించి ప్రవహించి చివర్లో సుమారు 40 అడుగుల ఎత్తు నుంచి నేరుగా బీచ్ మీదికి దూకేస్తుంది. నది సముద్రంలో కలవాలంటే డెల్టానో, మొగో ఉంటుందని గోదావరిని ఎరిగిన మనకు అలవాటు. ఇక్కడ అదేం లేదు. కొండ అంచు, దూకుడు, ఇసుక, ఉప్పునీళ్లు. ఇలా సముద్రపు ఒడ్డునే పడే జలపాతాలు ప్రపంచంలో చాలా తక్కువ. కాలిఫోర్నియాలోనే బిగ్ సర్‌లో మెక్‌వే ఫాల్స్ ఉంది, సుమారు 80 అడుగులు, దీనికంటే ఎత్తు, దీనికంటే పేరున్నది. కానీ దాన్ని పైన కట్టిన దారి మీద నుంచి చూసి రావాలి, ఆ బీచ్‌లోకి ఎవర్నీ దిగనివ్వరు. అలమీర్ దగ్గర మీరు నీళ్ల కింద చెయ్యి పెట్టొచ్చు. నాకు ఈ తేడా చాలా పెద్దది.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా ఎన్నో కనపడతాయి. నీళ్లు ఒకే ధారగా పడవు, రాతి మీద విరిగి తెల్లటి తెరలా పరుచుకుని దిగుతాయి, ఆ తెర వెనక రాయి నల్లగా, పచ్చగా నాచు పట్టి ఉంటుంది. కింద పడ్డ నీళ్లు ఇసుకలో ఒక కాలవ చేసుకుని సముద్రం వైపు వెళ్తాయి. ఆ కాలవ రోజుకో చోట ఉంటుంది, ప్రతి పోటూ వచ్చి చెరిపేస్తుంది, ఆటులో మళ్లీ కొత్తది తవ్వుకుంటుంది. మేం ఉన్న సేపట్లోనే దాని ఒక గట్టు తెగి దారి మారిపోయింది. అల ఎగదన్నినప్పుడు ఆ కాలవలోకి ఉప్పునీళ్లు ఎదురెక్కి, వాగు నీళ్లతో తలపడి, ఒక్క క్షణం అక్కడే ఆగి సుడి తిరిగి వెనక్కి పోతాయి. ఒక కాలు తియ్యటి నీళ్లలో, ఒక కాలు ఉప్పునీళ్లలో పెట్టుకుని మా అబ్బాయి అరగంట కదల్లేదు. వాగు నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి కానీ సముద్రం అసలు కరిచేస్తుంది. ఇక్కడ సముద్రం ఎండాకాలంలోనూ 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్యే. ఈత అనే మాటే వద్దు. చెప్పాపెట్టకుండా మామూలు అలల కంటే చాలా లోపలికి వచ్చే పెద్ద అలలు ఈ తీరంలో జనాన్ని లాక్కెళ్లిపోయాయి, స్నీకర్ వేవ్స్ అంటారు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోవద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

అలాగే కొండకు మరీ ఆనుకుని కూర్చోవద్దు. ఇది ఎవరూ చెప్పరు, అందుకే నొక్కి చెప్తున్నాను. గాలి తగలకుండా ఉంటుందని జనం కొండ మొదట్లోకి వెళ్లి దుప్పట్లు పరుచుకుంటారు. దగ్గరికి వెళ్లి ఆ కొండను చూడండి, అప్పడాలు దొంతర పెట్టినట్టు పల్చటి పొరలు, గోటితో గీరితే ఊడి వచ్చేవి కూడా ఉన్నాయి. సముద్రం అడుగున లక్షలాది ఏళ్లు పేరుకున్న బురద గట్టిపడి ఏర్పడిన రాయి అది, అలలు కింద కోస్తుంటాయి, వాన పైన నానబెడుతుంది. మేం చూస్తుండగానే ఎక్కడో పైన చిన్న గులకరాళ్లు టకటకమని దొర్లి, ఆ వెనకే ఒక బుట్టెడు మట్టి జారింది. ఇదే తీరంలో ఇంకాస్త ఉత్తరాన ఆర్చ్ రాక్ అని పేరున్న వ్యూ పాయింట్ ఉండేది, బేర్ వ్యాలీ ట్రెయిల్ చివర. 2015 మార్చిలో అది కూలి, మీద నిలబడ్డ వాళ్లలో ఒకరు చనిపోయారు. అంతకు ముందే అక్కడ పగులు వచ్చిందని పార్క్ వాళ్లు హెచ్చరిక పెట్టారు కూడా. కొండ అంచు పైన నిలబడినా, కింద కూర్చున్నా దూరం పాటించాలి. ఇసుకలో మధ్యకు జరిగి కూర్చుంటే రెండు పక్కలా భద్రం.

బీచ్‌లో ఏరుకోవడానికి, సారీ, చూడ్డానికి (నేషనల్ పార్క్ భూమి, అక్కడి వస్తువులు అక్కడే వదిలెయ్యాలి) ఒక చక్కటి విషయం ఉంది. గుండ్రటి రంధ్రాలున్న రాళ్లు. ఎవరో డ్రిల్ పెట్టి చేసినట్టే ఉంటాయి. ఈ మెత్తటి శేల్‌ను తొలుచుకుని లోపల ఇల్లు కట్టుకునే ఒక రకం ఆల్చిప్పలు చేసిన పని అది. ఒక రాయిని తిప్పి చూస్తే ఒక రంధ్రంలో ఆ చిప్ప ఇంకా అలాగే ఇరుక్కుని ఉంది, బయటికి రాలేనంత పెద్దదై. చిన్నప్పుడు లోపలికి వెళ్లి, లోపలే పెరిగి, లోపలే బతికేస్తుందన్నమాట. పిల్లలకు ఏ మ్యూజియంలోనూ ఇంత బాగా అర్థం కాదు.

జలపాతానికి దక్షిణంగా డబుల్ పాయింట్ అనే కొండకొమ్ము కనిపిస్తుంది. దాని వెనక హార్బర్ సీల్స్ గుంపులు గుంపులుగా ఉంటాయి, వసంతంలో పిల్లల్ని పెడతాయి. అటు వెళ్లే ప్రయత్నం చెయ్యొద్దు. మనిషి అలికిడికి తల్లి బెదిరి నీళ్లలోకి దూకేస్తే పిల్ల ఒంటరిదైపోతుంది. డ్రోన్ ఉన్న వాళ్లు ఇంట్లో పెట్టి రండి, నేషనల్ పార్కుల్లో ఎక్కడా ఎగరెయ్యనివ్వరు. కుక్కల్ని కూడా ఈ ట్రెయిల్ మీదికి రానివ్వరు.

ఎప్పుడు వెళ్లాలి? నా ఓటు మార్చి, ఏప్రిల్ నెలలకు. వానలు పడి వాగు నిండుగా ఉంటుంది, గట్ల మీద పూలు, అదృష్టం ఉంటే ఉత్తరానికి పోయే గ్రే వేల్స్ (తిమింగలాలు) ఊదే నీటి చిమ్ములు కొండ మీద నుంచి కనపడతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ హాయి, కానీ జలపాతం సన్నబడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో మాత్రం పొగమంచు పట్టేస్తే అంత నడిచీ తెల్లటి గోడ చూసి వస్తారు. పెద్ద తుఫాను వాన పడిన వెంటనే వెళ్లకండి, కొండ నాని ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో అయిదు గంటలకే చీకటి, కాబట్టి హెడ్‌ల్యాంప్ బ్యాగులో ఉండాల్సిందే. ఫోన్ టార్చి అయిదు మైళ్లు రాదు.

తిండి ఎవరికి నచ్చింది వాళ్లు, మేం పెరుగన్నం, చపాతీ రోల్స్ పట్టుకెళ్లాం. ఉప్పుగాలికి ఆకలి రెట్టింపు అవుతుంది, మామూలుకంటే ఎక్కువే కట్టుకోండి. ఆవకాయ ముక్క ఒకటి జతగా ఉంటే ఆ బీచ్ మీద పెరుగన్నాన్ని మించింది లేదు. కానీ ఒక్క మాట, అరిటాకు అనో, నారింజ తొక్క అనో, మట్టిలో కలిసిపోతుంది కదా అని అక్కడ పారేయకండి. ఆ చెత్త తియ్యడానికి అక్కడికి ఏ మున్సిపాలిటీ బండీ రాదు. ఒక తెలుగు గుంపు వదిలేసిన చిప్స్ ప్యాకెట్లు మేమే ఏరి బ్యాగులో వేసుకున్నాం. తెలుగు గుంపని ఎలా తెలిసిందంటే కవర్ మీద మన తెలుగు అక్షరాలే ఉన్నాయి. చాలా బాధేసింది. అంత దూరం నడవగలిగిన వాళ్లకు ఖాళీ ప్యాకెట్ బరువవుతుందా?

వేసుకునేవాటిలో పొడుగు ప్యాంటు, పొడుగు సాక్సులు. షార్ట్‌కట్ తొక్కకపోయినా మామూలు దారి అంచుల్లోనూ పాయిజన్ ఓక్ ఉంటుంది. ఇంటికి రాగానే చల్లటి నీళ్లు, సబ్బుతో కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దుకుని, బట్టలు విడిగా ఉతకండి. మోకాళ్ల వెనక, మెడ దగ్గర, చెవుల వెనక టిక్స్ ఉన్నాయేమో ఒకరికొకరు చూసుకోండి.

పాలోమరిన్ పార్కింగ్ గోల వద్దనుకునే వాళ్లకు ఇంకో దారి ఉంది, తెలుగు గ్రూపుల్లో ఎవరూ దీని గురించి రాయగా చూడలేదు. ఒలీమా దక్షిణాన హైవే 1 మీదే ఫైవ్ బ్రూక్స్ ట్రెయిల్‌హెడ్ ఉంది. అక్కడి నుంచి స్టూవర్ట్ ట్రెయిల్ మీద వైల్డ్‌క్యాట్ క్యాంప్ దాకా సైకిల్ మీద వెళ్లనిస్తారు. ఒక వైపు ఆరున్నర మైళ్లకు పైనే, మధ్యలో కొండ ఎక్కి దిగాలి, తొడలు పీకేస్తాయి, కానీ సైక్లింగ్ అలవాటున్న కుర్రాళ్లకు ఇదే మంచిది. సైకిల్‌ను క్యాంప్ దగ్గరే తాళం వేసి బీచ్ మీద నడవాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, చంటిపిల్లలు ఉన్నప్పుడు దీని జోలికి రావద్దు. అలాగని వాళ్లకు కొండ కింద సముద్రం చూపించలేకపోయామని దిగులు పడక్కర్లేదు. ఇదే పార్కులో డ్రేక్స్ బీచ్ ఉంది. 1579లో ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడ ఆగింది ఈ ప్రాంతంలోనే అంటారు, ఆ తెల్లటి కొండ అంచులు చూసి వాళ్లకు ఇంగ్లండ్ తీరం గుర్తొచ్చిందట. పార్కింగ్ పక్కనే ఇసుక, బాత్రూములు, బల్లలు అన్నీ ఉన్నాయి. మా అమ్మ మోకాలి నొప్పితోనే దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అలల్లో నిలబడింది. అయితే చలికాలంలో వెళ్లేట్టయితే ముందు పార్క్ వెబ్‌సైట్ చూడండి. ఎలిఫెంట్ సీల్స్ ఒడ్డెక్కి పిల్లల్ని పెట్టే కాలం అది. 2019 జనవరిలో ప్రభుత్వం మూతపడి పార్కులో సిబ్బంది లేనప్పుడు అవి ఏకంగా పార్కింగ్ దాకా వచ్చి పడుకున్నాయి. అవి ఉన్న రోజుల్లో ఆ బీచ్ మూసేస్తారు, మూసింది చూసి గేటు దగ్గర రేంజర్‌తో వాదన పెట్టుకోకుండా లిమంటూర్ బీచ్‌కి వెళ్లిపోండి.